గళ్ళూ, చారలూ, మా బాబాయీ

మా బాబాయికి ఒకదానికొకటి నప్పే బట్టలంటే బొత్తిగా గిట్టదు. గళ్ళ చొక్కా తొడిగాడంటే దాని కింద చారల ప్యాంటు ఉండితీరాలి. చారలు నిలువుగా ఉంటే మెడలో మఫ్లరు మీద పూలు పూయాలి. ఆ పూలు చాలవన్నట్టు మేజోళ్ళ మీద చుక్కలు, జేబురుమాలు మీద చిలకలు. ఇదంతా ఏ నాటకంలోనో వేషం వేయడానికి కాదు, రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి. చావు పరామర్శకి వెళ్ళినా ఇదే అలంకారం. కాకపోతే అక్కడికి కాస్త ముదురు రంగు చిలకల్ని తీసుకెళ్ళేవాడు.

సెలూనతను బాబాయి కుర్చీలో కూర్చోగానే మారుమాట లేకుండా తెల్లగుడ్డ తెచ్చి మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పేసేవాడు.

"అప్పుడే ఎందుకయ్యా? ఉక్కగా ఉంది."

"అద్దంలో మిమ్మల్ని చూస్తూ కత్తెర ఆడించలేను సార్. చెవి పోతే నన్ననకండి."

ఇక బట్టల కొట్లో ఆయన బేరం వినడానికి పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు.

"ఈ గళ్ళ గుడ్డకి ఆ పూల గుడ్డ నప్పుతుందంటారా?" అని అడిగేవాడు బాబాయి, ఎంతో వినయంగా.

"అబ్బే, నప్పదండీ."

"కొంచెం కూడా?"

"పక్కపక్కన పెడితే కొట్టుకు చస్తాయండీ."

"అయితే రెండూ కట్టివ్వండి."

బంధువులంతా చాటుగా ఆయన్ని కలగూరగంప అనేవారు. చాటుగా అనడం వాళ్ళ మర్యాద. వినపడేంత గట్టిగా అనడం వాళ్ళ సరదా. మా నాన్నకి కళ్ళజోళ్ళ షాపు ఉండేది. ఊళ్ళో సగం మంది ఆయన ఇచ్చిన అద్దాల్లోంచే లోకాన్ని చూసేవారు. తమ్ముడు షాపు మెట్లెక్కడం కనిపిస్తే మాత్రం మా నాన్న తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసేవాడు.

"ఏం అన్నయ్యా, కళ్ళు నొప్పులా?"

"ఇప్పుడే మొదలయ్యాయి."

అమ్మ ఒక్కతే అప్పుడప్పుడు ఆశ్చర్యపోతుండేది. "పెళ్ళి కాకముందు మీ బాబాయి ఎలా ఉండేవాడనుకున్నావ్? ఇస్త్రీ మడత నలిగితే సగం దారిలోంచి వెనక్కొచ్చి చొక్కా మార్చుకునేవాడు. ఏ గాలి సోకిందో ఏమో!" అనేది. ఆ గాలి ఎటు నుంచి వీచిందో కనుక్కుందామని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. నవ్వుకోవడానికి మనిషి దొరికాక ఇక కారణాలు ఎవరికి కావాలి?

బాబాయి నీళ్ళ సరఫరా ఆఫీసులో పనిచేసేవాడు. ఫిర్యాదుల కిటికీ ఆయనది. కుళాయి రాని ప్రతి ఇంటి కోపమూ ముందు ఆ కిటికీలోంచే లోపలికి దూరాలి.

"అసలు మీరు మనుషులేనా? గొంతులోకి చుక్క నీళ్ళు లేక..." అంటూ తల దూర్చిన పెద్దమనిషి ఠక్కున ఆగిపోయేవాడు. "ఏవిటండీ ఇది?"

"ఏది?"

"ఈ చొక్కా."

"నూలుదండీ. చెమట బాగా పీలుస్తుంది. మీదే వీధి?"

అంతే, కోపం సగం దిగిపోయేది. మిగతా సగం బాబాయి కబుర్లతో దించేసేవాడు. ఫిర్యాదు రాసుకుని, సాయంత్రం దాకా లైన్‌మేన్ వెంటపడి, మర్నాడు ఆ ఇంటికి నీళ్ళు వచ్చాయో లేదో దారిలో ఆగి మరీ అడిగేవాడు. మాటలంటే ఆయనకి ప్రాణం. ఆ కిటికీ ఆయన ప్రాణానికి ఊపిరి తీసుకునే చోటు.

కొత్తగా వచ్చిన అధికారి ఒకరోజు ఆయన్ని గదిలోకి పిలిచాడు.

"చూడండి, ఆఫీసన్నాక ఒక హుందాతనం ఉండాలి."

"కుళాయిలో నీళ్ళు కూడా ఉండాలి సార్."

"రేపటి నుంచి తెల్లచొక్కా వేసుకుని వస్తారా, వెనక షెడ్డులోకి వెళతారా?"

బాబాయి కాసేపు ఆలోచించాడట. మర్నాడు నెమలికంఠం రంగు గళ్ళ చొక్కా వేసుకుని, పులిచారల టై కట్టుకుని, తిన్నగా షెడ్డులోకి వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ పాడైపోయిన నీళ్ళ మీటర్లు గుట్టలుగా పడి ఉండేవి. వాటిని తుడిచి, మళ్ళీ గుట్ట పెట్టడం ఆయన ఉద్యోగం. కిటికీ దగ్గర తెల్లచొక్కా వేసుకున్న ఇంకొకాయన్ని కూర్చోబెట్టారు. ఆయన ఎంతో హుందాగా, ఎవరి ఫిర్యాదూ రాసుకునేవాడు కాదు.

"ఎలా ఉంది బాబాయ్ షెడ్డు?" అని అడిగాను.

"చల్లగా ఉందమ్మా. కాకపోతే మీటర్లు మాట్లాడవు. ఒక్కటీ తిరగదు కూడాను" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా ఆయన టైలాగే వేసుకున్న మనిషికి నప్పలేదు.

ఇక్కడ మా పిన్ని గురించి చెప్పాలి. పిన్ని చిన్నపిల్లల బళ్ళో టీచరు. పెళ్ళయిన కొన్నాళ్ళకి ఆవిడ వేళ్ళ చివర్ల తెల్లమచ్చలు కనిపించాయి. తర్వాత మోచేతుల మీదికి, ఆపైన మెడకి, పెదవి పక్కకి పాకాయి. బొల్లి. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని, ప్రాణానికి ఏ ముప్పూ లేదని డాక్టరు శుభ్రంగా చెప్పాడు. పాపం ఆయన ఆ మాట పిన్నికి చెప్పాడు. చెప్పవలసింది ఊరికి.

బళ్ళో పిల్లలు భయపడలేదు. "టీచర్, సుద్ద అంటుకుందా?" అని అడిగితే "అవున్రా, కడిగితే పోవట్లేదు" అని పిన్ని నవ్వేదట. భయపడింది పిల్లల తల్లిదండ్రులు. "మాకేం అభ్యంతరం లేదండీ, పిల్లలు జడుసుకుంటున్నారు" అని పిల్లల మీద పెట్టి చెప్పారు. బడివాళ్ళు పిన్నికి ఘనంగా వీడ్కోలు సభ పెట్టారు. ఆవిడ ఎంత గొప్ప టీచరో ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. చివర్లో పూలగుత్తిని చేతికివ్వకుండా బల్ల మీద పెట్టారు.

ఆ తర్వాత పిన్ని ఇల్లు కదలడం మానేసింది. గుమ్మంలోకొచ్చి పండ్లమ్మే మనిషి ఆవిడ ముట్టుకున్న పండు తీసి వేరే బుట్టలో వేసింది. మా మేనత్త అయితే ఇంటికొచ్చినప్పుడల్లా "నీళ్ళు వద్దులేమ్మా, దారిలో తాగే వచ్చాను" అనేది. మా మేనత్త వాళ్ళిల్లు ఆ పక్క సందులోనే.

ఇదంతా నేను పుట్టకముందు సంగతి. నాకు ఊహ తెలిసేసరికి పిన్ని రోజూ సాయంత్రం బాబాయితో బజారుకి వస్తుండేది. నేనూ వాళ్ళతో పోయేదాన్ని. పిన్ని వేసుకునేవి మాత్రం బురదరంగు బట్టలు. వాటి మీద పువ్వు ఉండదు, గీత ఉండదు. చేతులు మణికట్టు దాకా, బొత్తాలు గొంతు దాకా. పక్కన బాబాయి, నడిచే బట్టలకొట్టులా. వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే మెడలు తిప్పేవారు.

"మీ పక్కన నడవాలంటే తల కొట్టేసినట్టుంది."

"అయితే ముందు నడు. నేను వెనకాల వస్తాను."

"వెనకాల వస్తే దొమ్మరాటవాడు తరుముతున్నాడనుకుంటారు. ఎవరండీ మీకు ఈ పూలగుడ్డ అంటగట్టింది? పరుపు గలీబులా ఉంది."

"గలీబు గుడ్డే. అందుకే మెత్తగా ఉంది."

"ఛీ!"

ఇంటి దగ్గర మొదలుపెట్టిన తిట్లు బజారు చేరేదాకా సాగేవి. అదే ఊపులో ఉల్లిపాయలవాడి మీద పడేది పిన్ని. కుళ్ళినవి ఏరి వాడి ముందే పారేసేది, తూకం మళ్ళీ వేయించేది. వాడు కళ్ళప్పగించి బాబాయిని చూస్తూ ఆవిడ చెప్పిన ధరకే ఇచ్చేసేవాడు.

అలా ఉండగా మా అక్క పెళ్ళి కుదిరింది. నాన్న బాబాయిని షాపుకి పిలిపించాడు. ఈసారి కళ్ళజోడు తీయలేదు. విషయం అంత ముఖ్యమైనది.

"మగపెళ్ళివాళ్ళు పెద్ద ఇంటివాళ్ళు. నువ్వు మనిషిలా రావాలి."

"ఇంకోలా రావడం నాకు చేతకాదు అన్నయ్యా."

"వేళాకోళం వద్దు. ఇదిగో, నీ కొలతకి బూడిదరంగు కోటు కుట్టించాను. ప్యాంటు కూడా అదే గుడ్డ. ఒక్క గీత లేదు."

"సరే. మరి ఆవిడ?"

నాన్న బల్ల మీది అద్దాల పెట్టెను అటు జరిపి ఇటు జరిపాడు. "రానీ. రావద్దన్నానా? కాకపోతే కొత్తవాళ్ళు కదా... వెనక వరసలో ఎక్కడైనా..."

"నీ కూతురికి అ ఆలు దిద్దించిన మనిషి అన్నయ్యా. ముందు వరసలో కూర్చుంటుంది. అందుకు ఒప్పుకో, నువ్వు గోనెసంచి తొడుక్కోమన్నా తొడుక్కుంటాను."

నాన్న ఒప్పుకున్నాడు. ఇద్దరు అన్నదమ్ములూ ఒకరి భార్య గురించీ ఒకరి పరువు గురించీ అలా బేరం చేసుకోవడం, పక్కన అద్దాలు తుడుస్తూ నేను విన్నాను. ఎవరికి ఎక్కువ గిట్టిందో అప్పుడు తెలియలేదు.

పెళ్ళిరోజు మధ్యాహ్నం విందుకి బాబాయి బూడిదరంగు కోటులో వచ్చాడు. సగం మంది బంధువులు ఆయన్ని గుర్తుపట్టలేదు. మిగతా సగం మంది గుర్తుపట్టి నిరాశపడ్డారు. చూడ్డానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి ఆ చూపులన్నీ పక్కకి జారి పిన్ని మీద వాలాయి.

నేను పుట్టి బుద్ధెరిగాక మనుషులు పిన్నిని అలా చూడ్డం చూడలేదు. ముందు పెదవి దగ్గర ఆగేవారు, తర్వాత మెడ దగ్గర, ఆపైన చేతుల కోసం వెతికేవారు. పిన్ని పక్క కుర్చీలో ఉన్న ఒకావిడ "ఇక్కడ గాలి రావట్లేదు" అని లేచి, అసలు ఫ్యానే లేని మూలకి పోయి కూర్చుంది. మంచినీళ్ళు పోసే అమ్మాయి గ్లాసుకి ఎంతో ఎత్తు నుంచి పోసింది. సగం బల్ల మీద ఒలికాయి. పెళ్ళికొడుకు తల్లి మా అమ్మని పక్కకి పిలిచి "ఇది మీ వైపు ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది. అమ్మ పాలిపోయింది. పిన్ని రెండు చేతులూ బల్ల కింద పెట్టేసుకుంది. ఎదురుగా పళ్ళెంలో వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి.

బాబాయి లేచాడు. వంటశాల వైపు వెళ్ళాడు.

కొంచెంసేపటికి ఆ తలుపులోంచి ఒక ఆకారం బయటికొచ్చింది. బ్యాండువాళ్ళ చారల కోటు, దాని మీద వంటవాడి ఎర్రగళ్ళ ముందుగుడ్డ, భుజాల మీద మా మేనత్త పూల శాలువా, తలకి చుక్కల బల్లగుడ్డ పాగా. కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. చేతిలో మిఠాయి పళ్ళెం పట్టుకుని, ఏమీ ఎరగనట్టు, ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి "ఇంకొకటి వేసుకోండి, మొహమాటపడకండి" అంటూ వస్తున్నాడు.

హాలు హాలంతా గొల్లుమంది. బ్యాండువాడు బాకా పక్కన పెట్టి కడుపు పట్టుకున్నాడు. "నా శాలువా!" అని మా మేనత్త కేక పెట్టింది. పెళ్ళికొడుకు తల్లి అడుగుతున్న ప్రశ్న సగంలో మర్చిపోయింది.

"ఏం అవతారం ఇది! అయ్యో నా ఖర్మ!" పిన్ని బల్ల కింద నుంచి రెండు చేతులూ తీసి నెత్తిన పెట్టుకుంది. ఆయన్ని తిడుతూ పళ్ళెం ముందుకి లాక్కుంది. తిడుతూనే తినడం మొదలుపెట్టింది. ఎవరూ ఆవిడ వైపు చూడడం లేదు.

నాన్న బాబాయి జబ్బ పట్టుకుని వంటశాల పక్క వరండాలోకి ఈడ్చుకుపోయాడు. నేనూ వెనకాల వెళ్ళాను.

"మాటిచ్చావు కదరా! నా పరువు తీయడానికి ఈ రోజే దొరికిందా?"

"ఇచ్చాను. ఉండగలిగినంతసేపు ఉన్నాను. నువ్వు చూశావా అన్నయ్యా లోపల? అది గ్లాసు కూడా ముట్టుకోలేదు."

"దానికీ నీ వేషానికీ సంబంధం ఏమిటి?"

బాబాయి పాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "వాళ్ళకి నోరు తెరుచుకుని చూడ్డానికి ఎవరో ఒకరు కావాలి. నన్ను చూస్తున్నంతసేపూ తనని చూడరు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదే."

నాన్న నా వెనక్కి చూస్తున్నాడు. నేనూ తిరిగి చూశాను. పిన్ని చెయ్యి కడుక్కోవడానికి వచ్చి అక్కడ నిలబడి ఉంది.

నాన్న ఆ రోజు ఏమైనా నేర్చుకున్నాడని చెప్పాలని నాకూ ఉంది. నేర్చుకోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో విందులకి వాళ్ళిద్దరినీ పిలవడం మానేశాడు. "వాళ్ళకే ఇబ్బంది" అనేవాడు.

కొన్నాళ్ళకి బాబాయి మా ఇంటి వెనక గుమ్మం దగ్గరకొచ్చి నన్ను పిలిచాడు. గళ్ళూ చారలూ మామూలే. మొహం మాత్రం వాడిపోయి ఉంది.

"ఒకసారి ఇంటికి రామ్మా. మీ పిన్ని తిట్టడం లేదు."

"మంచిదే కదా బాబాయ్."

"మంచిదేమిటి! నిన్న చారల మీద చారలు వేసుకున్నాను. చూసి, అన్నం వడ్డించి వెళ్ళిపోయింది. ఏదో జబ్బు చేసింది."

నేను వెళ్ళేసరికి పిన్ని మంచం మీద బట్టలు మడతపెడుతోంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది బాబాయిని.

"ఏది?"

"తెలీనట్టు మాట్లాడకండి."

బాబాయి గోడకి చేరబడ్డాడు. "ఒకరోజు కరెంటు పోతే చేతికి దొరికింది తొడుక్కున్నాను. నిన్ను బతిమాలి బజారుకి తీసుకెళ్ళాను. జనం నన్ను చూసి ఒకటే నవ్వు. నువ్వు ఉల్లిపాయలవాడితో పోట్లాట పెట్టుకున్నావు. నీ గొంతు అంత గట్టిగా విని ఎన్నాళ్ళయిందో నాకు."

"ఆఫీసుకైనా మామూలుగా వెళ్ళకపోయారా? ఆ కిటికీ పోయేది కాదు కదా!"

"అక్కడొకలా, నీ పక్కన ఇంకొకలా ఉంటే నువ్వు పట్టేయవూ? పిల్లలు కాపీ కొడితే తల ఎత్తకుండానే చెప్పేదానివి."

పిన్ని చేతిలో చొక్కాను విసిరి కొట్టింది. "అంటే ఇన్నేళ్ళూ మీ చొక్కా వెనకాల నన్ను దాచారన్నమాట! దాచమని నేనడిగానా? నేను బజారులో నడుస్తున్నాననుకున్నాను. మనుషులు మారారనుకున్నాను. పిచ్చిదాన్నయ్యాను! వాళ్ళేం మారలేదు. మీరు అడ్డం నిలబడ్డారు, అంతే!"

బాబాయి వంగి ఆ చొక్కా తీసి దులిపాడు.

"నన్ను చూసేవాళ్ళ సంగతి నేను చూసుకోలేననుకున్నారా?"

"అప్పుడు చూసుకోలేకపోయావు కదే" అన్నాడు మెల్లగా.

పిన్ని కిటికీ వైపు తిరిగింది. "అవును. అప్పుడు చేతకాలేదు" అంది. తర్వాత ఇటు తిరిగి, బీరువా తలుపులు బార్లా తెరిచింది. "వీటన్నిట్లో పరమ దరిద్రంగా ఉన్నది ఏది?"

"నీకెందుకు?"

"అడిగినదానికి జవాబు చెప్పండి."

బాబాయి కళ్ళలోకి మెల్లగా వెలుగొచ్చింది. ఏళ్ళ తరబడి ఎవరూ అడగని ప్రశ్న అది. బీరువాలోకి నడుము దాకా దూరిపోయి, ఒక్కొక్కటీ బయటికి తీసి గుణగణాలు చెప్పసాగాడు. పిన్ని వాటిలోంచి నారింజరంగు చుక్కలదీ, పచ్చగళ్ళదీ ఎంచింది. కుట్టుమిషను మీది దుమ్ము దులిపి, వాటి చేతులు మోచేతుల పైదాకా కత్తిరించి పారేసి, రెండూ కలిపి తనకొక చొక్కా కుట్టుకుంది.

ఆ మర్నాటి సాయంత్రం వాళ్ళిద్దరితో నేనూ బజారుకి వెళ్ళాను. పిన్ని ఒంటి మీద నారింజ చుక్కలు, పచ్చగళ్ళు. మెడ దగ్గర బొత్తాలు విప్పి ఉన్నాయి. మోచేతుల మీది తెల్లమచ్చలు ఎండలో హాయిగా కనిపిస్తున్నాయి. బాబాయి పూలచొక్కా వేసుకుని, కొంచెం కంగారుగా, ఆవిడకి అడ్డం రాబోయాడు. పిన్ని ఆయన్ని మోచేత్తో పక్కకి నెట్టింది.

ఎదురుగా టొమాటోల గంప కట్టుకుని సైకిలు మీద వస్తున్నవాడు ఆవిడ్ని చూశాడు. తర్వాత ఆయన్ని చూశాడు. మళ్ళీ ఆవిడ్ని చూద్దామనుకునేలోపు సైకిలు విద్యుత్తు స్తంభాన్ని చూసింది. గంప ఒకవైపు, మనిషి ఒకవైపు. రోడ్డంతా ఎర్రబారింది.

అందరికంటే ముందు పిన్ని వెళ్ళి చెయ్యి చాచింది. వాడు ఆ చేతి వైపు, ఆ మచ్చల వైపు చూసి తటపటాయించాడు. లేవడానికి ఇంకో దారి లేక పట్టుకున్నాడు. లేచి, వెంటనే ఆ అరచేతిని ప్యాంటుకేసి గట్టిగా రుద్దుకున్నాడు. బాబాయి మొహం మాడిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"బాగా తుడుచుకో నాయనా, టొమాటో మరక ఓ పట్టాన పోదు" అంది పిన్ని, బళ్ళో పిల్లవాడికి చెప్పినట్టు. వాడు ఎర్రబడిన మొహంతో వంగి టొమాటోలు ఏరుకోసాగాడు. మేమూ తలా కాసిని ఏరి గంపలో వేశాం.

నడక మళ్ళీ మొదలైంది. కాస్త దూరం పోయాక బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"పాపం, నన్ను చూసే పడ్డాడు."

"మిమ్మల్నా? మిమ్మల్ని ఈ ఊరు ఎప్పుడో చూసేసింది. వాడు నన్ను చూసి పడ్డాడు."

"పూలచొక్కా వల్లే పడ్డాడు. వాడి కళ్ళు ఇటే ఉన్నాయి."

"స్తంభం ఎటు ఉంది? నావైపు! కావాలంటే వెనక్కెళ్ళి వాణ్ణే అడుగుదాం పదండి."

నిజంగానే ఇద్దరూ వెనక్కి తిరిగారు.